ఊదిన బెలూన్‌లో వేడి లెక్క: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ఈ శీర్షిక కింద ఒక చిన్న పరీక్ష ఇచ్చాం. రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పై పెదవికి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. అలాగే కాసేపు పట్టుకుని, ఒక్కసారి వదిలి మళ్లీ ఆనిస్తే చల్లగా తగులుతుంది. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బెలూన్ దగ్గరికే చేరాయి. అందుకని ఈసారి ప్రశ్నలన్నీ బెలూన్లవే తీసుకున్నాం.

లెక్కలన్నిటికీ ఒకటే బెలూన్: బజారులో 11 అంగుళాలదని అమ్మే మామూలు లేటెక్స్ బెలూన్. బరువు సుమారు 3 గ్రాములు. ఊదకముందు గుండ్రటి భాగం వ్యాసం 5 సెం.మీ., రబ్బరు మందం పావు మిల్లీమీటరు. నిండా ఊదితే వ్యాసం 28 సెం.మీ. అవుతుంది, సుమారు 11.5 లీటర్ల గాలి పడుతుంది.

ప్రశ్న: పిల్లల పుట్టినరోజుకు బూరలు ఊదేటప్పుడు మొదట్లో ప్రాణం మీదికొస్తుంది, బుగ్గలు నొప్పెడతాయి. ఒకసారి కదిలిందంటే తర్వాత సులువుగా వచ్చేస్తుంది. రబ్బరు సాగేకొద్దీ బిగుస్తుంది కదా, కష్టం పెరగాలి గాని తగ్గడమేమిటి?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: మీ బుగ్గలు చెప్పిందే నిజమండీ. రబ్బరు బిగుస్తున్న మాటా నిజమే. కాని ఊదేవాళ్లకు తగిలేది రబ్బరు బిగువు కాదు, లోపలి గాలి పీడనం. ఆ పీడనాన్ని మూడు విషయాలు కలిసి తేలుస్తాయి: రబ్బరులో బిగువు, దాని మందం, బెలూన్ వంపు.

వ్యాసం రెట్టింపైందనుకోండి. ఉపరితలం నాలుగు రెట్లవుతుంది, ఉన్న రబ్బరే అంత మేర పరుచుకోవాలి కనుక మందం నాలుగో వంతుకు పడిపోతుంది. మందంలో ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా పడే బిగువేమో సుమారు నాలుగు రెట్లు పెరుగుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఇక మిగిలింది వంపు. బంతి పెద్దదయ్యేకొద్దీ వంపు తగ్గుతుంది, వంపు తక్కువున్న గోడ లోపలి గాలిని తక్కువగా నొక్కుతుంది. అందుకే వ్యాసం రెట్టింపైతే పీడనం ఇంచుమించు సగమవుతుంది.

అయితే ఇది బాగా సాగాక వర్తించే లెక్క. మొదట్లో రబ్బరు ఇంకా మందంగా ఉంటుంది, వంపూ ఎక్కువ. పీడనం గబగబా పెరిగి, వ్యాసం మొదటిదానికి 1.38 రెట్లయినప్పుడు శిఖరానికి చేరుతుంది. మన బెలూన్‌కు అది దాదాపు 7 సెం.మీ., అంటే బత్తాయి కాయంత. అక్కడ లోపలి పీడనం బయటికన్నా సుమారు 5 కిలోపాస్కల్‌లు ఎక్కువ, నీటిమట్టంలో చెప్పాలంటే 50 సెం.మీ. మామూలు మనిషి బలంగా ఊదితే వచ్చేది కూడా ఆ దరిదాపుల్లోనే, అందుకే బుగ్గల నొప్పి. బత్తాయి దాటి కొబ్బరికాయంత అయ్యేసరికి అవసరమైన పీడనం సగానికి సగం తగ్గిపోతుంది. చివర్లో రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసులు సాగవలసినంతా సాగిపోయాక మళ్లీ బిగుసుకుంటుంది. ఆ బిగువు చేతికి తెలిసిన వెంటనే ఆపెయ్యాలి.

ఊదేముందు బెలూన్‌ను నిలువుగా, అడ్డంగా నాలుగైదుసార్లు బాగా సాగదీయండి. ఒకసారి గట్టిగా సాగిన రబ్బరు రెండోసారి అంతవరకూ మెత్తగానే సాగుతుంది, కాబట్టి శిఖరం కిందికి దిగుతుంది. ఇంకోటి: మూతి దగ్గర కాకుండా, గుండ్రటి భాగం మొదలయ్యే చోట వేళ్లతో పట్టి కొద్దిగా ముందుకు లాగుతూ ఊదండి. బుగ్గలు ఉబ్బించకుండా పొట్టలోంచి ఊపిరి తోస్తే నొప్పి ఉండదు.

ప్రశ్న: గాలిని కుదిస్తే వేడెక్కుతుందని పాఠంలో చెబుతున్నాం. రబ్బరును సాగదీస్తే వేడెక్కడం ఏ లెక్కలోకి వస్తుంది? స్ప్రింగును సాగదీస్తే శక్తి స్ప్రింగులో దాగుతుంది గాని వేడి రాదు కదా? బెలూన్ ఊదేటప్పుడు ఆ వేడి ఎంతో అంకెల్లో చెప్పగలరా?
– భౌతికశాస్త్ర అధ్యాపకులు, నంద్యాల

జవాబు: రబ్బరును స్ప్రింగుతో పోల్చడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. అది స్ప్రింగుకన్నా గ్యాసుకే దగ్గరి చుట్టం. మీ విద్యార్థులకు ఈ ఒక్క మాట గట్టిగా పట్టించండి, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది.

ఉక్కు తీగను లాగితే అణువుల మధ్య బంధాలు సాగి, శక్తి వాటిలో నిలవ ఉంటుంది. రబ్బరులో ఉన్నవి పొడవాటి గొలుసులు, చిక్కుపడ్డ నూలు ఉండలా ఉంటాయి. లాగినప్పుడు బంధాల పొడవు దాదాపు మారదు, గొలుసులు చిక్కు విడి ఒకే దిక్కుకు వరసకడతాయి. ఒక గొలుసు ఎన్ని భంగిమల్లో ముడుచుకుని ఉండవచ్చో ఆ అవకాశాలు తగ్గుతాయి, అంటే ఎంట్రోపీ తగ్గుతుంది. వేడివల్ల ఎప్పుడూ కదలాడే గొలుసులు మళ్లీ చిక్కుపడాలని చూస్తాయి. మన చేతికి తగిలే లాగుడు అదే. పిస్టన్ కింద గ్యాసూ ఇంతే: నొక్కితే శక్తి అణువుల మధ్య దాగదు, మనం చేసిన పని అంతా వేడిగా బయటపడుతుంది. రబ్బరును సాగదీయడమంటే గ్యాసును నొక్కడం లాంటిదే.

ఇంగ్లండులోని కెండాల్‌లో ఉన్న జాన్ గఫ్, చూపులేని శాస్త్రవేత్త, 1805లోనే పెదవికి ఆనించి దీన్ని గుర్తించాడు. జేమ్స్ జౌల్ 1859లో జాగ్రత్తగా కొలతలు తీసి నిర్ధారించాడు. అందుకే ఇద్దరి పేర్లూ కలిపి గఫ్-జౌల్ ప్రభావం అంటారు.

ఇక అంకెలు. నింపినంతసేపూ సగటు అదనపు పీడనం 2.5 కిలోపాస్కల్‌లు అనుకుంటే, 11.5 లీటర్లకు రబ్బరు మీద జరిగిన పని సుమారు 29 జౌళ్లు. 3 గ్రాముల రబ్బరుకు ఒక డిగ్రీ పెరగడానికి 5.7 జౌళ్లు చాలు. ఆ 29 జౌళ్లూ రబ్బరులోనే నిలిస్తే 5 డిగ్రీలు వేడెక్కాలి.

కాని నిండిన బెలూన్‌ను తాకితే ఆ 5 డిగ్రీలు మీకు తెలియవు. వ్యాసం 5 నుంచి 28 సెం.మీ.కి పోయేసరికి పావు మిల్లీమీటరు మందం 8 మైక్రాన్లకు దిగుతుంది, తలవెంట్రుక మందంలో ఎనిమిదో వంతు. అంత పలచటి పొర తన వేడిని ఒకటి రెండు సెకన్లలో గాలికి ఇచ్చేస్తుంది. కాబట్టి తరగతిలో దీన్ని వెనకనుంచి చూపించండి. నిండా ఊదిన బెలూన్‌ను రెండు నిమిషాలు గది ఉష్ణోగ్రతకు రానిచ్చి, మూతి వెడల్పుగా తెరిచి గాలిని ఒక్కసారిగా వదిలి, ముడుచుకున్న రబ్బరును వెంటనే పెదవికి ఆనించమనండి. రబ్బరు మళ్లీ మందంగా అయింది కనుక ఆ చల్లదనం అర నిమిషం దాకా ఆగుతుంది, ఎవరికైనా తెలుస్తుంది. తడి లేని బెలూన్ కావాలి, అందుకని నోటితో కాక పంపుతో నింపండి. లేకపోతే తేమ ఆరడంవల్ల వచ్చిన చల్లదనమని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా.

రెండో ప్రదర్శన: రబ్బరు బ్యాండుకు బరువు కట్టి మూడు రెట్లు సాగేలా వేలాడదీయండి. హెయిర్ డ్రయర్‌తో వేడిగాలి పట్టించండి. బరువు కిందికి జారుతుందని తరగతంతా అంటుంది, అది పైకి లేస్తుంది. లాగుడు పరమ ఉష్ణోగ్రతకు అనుపాతంలో ఉంటుంది కనుక 27 నుంచి 57 డిగ్రీలకు, అంటే 300 కెల్విన్ నుంచి 330కి పోతే, అదే పొడవు దగ్గర లాగుడు 10 శాతం పెరుగుతుంది. ఒక జాగ్రత్త. సాగుదల పది శాతం లోపుంటే మామూలు ఉష్ణవ్యాకోచమే పైచేయి అయి ఫలితం తిరగబడుతుంది, అందుకని బాగా సాగదీయండి. మరీ ఎక్కువ సాగితే, నాలుగు రెట్లు అలా దాటితే, సహజ రబ్బరులో గొలుసులు అక్కడక్కడ స్ఫటికాలుగా పేరుకుని ఇంకొంత వేడిని విడుదల చేస్తాయి.

మీ పాఠానికి పనికొచ్చే మెలిక ఇంకొకటుంది. 11.5 లీటర్ల బెలూన్ తన చుట్టూ ఉన్న వాతావరణాన్ని అంత మేర పక్కకు తొయ్యాలి. దానికి 1,165 జౌళ్లు కావాలి, రబ్బరుకు చేసిన పనికి నలభై రెట్లు. మరి చేతిపంపుతో ఊదేవాడికి అంత శ్రమ ఎందుకు తగలదు? పంపులోని గాలిని బెలూన్‌లోకి నెట్టేటప్పుడు అదే వాతావరణం పిస్టన్ వెనక నుంచి తోసి ఆ పనంతా తిరిగి ఇచ్చేస్తుంది. బయట తగ్గిన గాలే లోపల చేరింది. మనకు మిగిలిన ఖర్చు ఆ 29 జౌళ్లే. హీలియం సిలిండర్‌తో నింపితే మాత్రం తిరిగిచ్చేవాళ్లు లేరు. ఈ తేడా కింద విజయవాడ ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

ప్రశ్న: నేను పదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కు రెండు బుగ్గలు (బెలూన్లు), ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా ఊది పైపుతో కలిపితే చిన్నది ఇంకా చిన్నదవుతుందని చూపిద్దామనుకుంటున్నాను. మా సార్ కొలతలు కూడా ఉండాలన్నారు. ఎట్లా చెయ్యాలి?
– ఒక విద్యార్థి, సిద్దిపేట

జవాబు: మంచి ప్రయోగం ఎంచుకున్నావు. మీ సార్ చెప్పింది కూడా నిజం, కొలత ఉంటేనే దీనికి బలం.

ముందు పీడనం కొలిచే గొట్టం చేసుకో. మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు రెండు మీటర్లు తీసుకుని, మీటరు పొడవు చెక్కకు యూ ఆకారంలో కట్టు. ఒక్కో చెయ్యి 70 సెం.మీ.కి తగ్గకూడదు. మధ్యలో స్కేలు అంటించి, కొద్దిగా కుంకుమో రంగో కలిపిన నీళ్లు సగం దాకా పొయ్యి. గాలి బుడగలు ఉంటే పైపును తట్టి పోగొట్టు. ఒక చెయ్యి తెరిచి ఉంచాలి. రెండో చేతికి అక్వేరియం సామాన్ల దుకాణంలో దొరికే టీ జాయింట్ తగిలించు. టీ రెండో కొసకు బుగ్గ మూతి, మూడో కొసకు అదే దుకాణంలో దొరికే చిన్న వాల్వు, దాని వెనక చేతిపంపు. బుగ్గ మూతిని గట్టి పైపు ముక్క మీదికి తొడిగి దారంతో నాలుగు చుట్లు బిగించు. సగం ప్రయోగాలు పాడయ్యేది ఇక్కడ గాలి కారడంవల్లే, సబ్బునీళ్లు రాసి చూసుకో.

ఒక దెబ్బ గాలి కొట్టు, వాల్వు మూసెయ్యి, అర నిమిషం ఆగు. రెండు చేతుల్లో నీటిమట్టాల మధ్య తేడా చూడు. ఒక చేతిలో ఎంత ఎక్కిందో మాత్రమే చూస్తే సగం అంకె వస్తుంది, చాలామంది చేసే తప్పు ఇదే. తేడా సెంటీమీటర్లను 98తో హెచ్చిస్తే పాస్కల్‌లు వస్తాయి. దర్జీ టేపుతో బుగ్గ చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే వ్యాసం. టేపు రబ్బరును నొక్కకూడదు, ఊరికే ఆనాలి. 6, 7, 8 సెం.మీ. దగ్గర కొలతలు దగ్గరదగ్గరగా తియ్యి. శిఖరం అక్కడే ఉంటుంది, పెద్ద దెబ్బ కొడితే దాటిపోతుంది.

నిండాక గాలిని కొంచెం కొంచెంగా వదులుతూ మళ్లీ కొలువు. అదే వ్యాసం దగ్గర ఈసారి పీడనం తక్కువ వస్తుంది. ఇది తప్పు కాదు, చెరిపెయ్యకు! పీడనం నిలువునా, ఘనపరిమాణం అడ్డంగా గ్రాఫు గీస్తే ఊదిన గీతకూ వదిలిన గీతకూ మధ్య ఒక సందు కనిపిస్తుంది. ఆ సందు వైశాల్యమే రబ్బరు తిరిగి ఇవ్వకుండా వేడిగా మార్చేసిన శక్తి. ఊదిన గీత కింది వైశాల్యం నువ్వు చేసిన మొత్తం పని. వాల్వు మూశాక కూడా మొదటి నిమిషంలో మట్టం మెల్లగా దిగుతుంటే భయపడకు, సాగిన గొలుసులు సర్దుకుంటున్నాయి. కాని ఐదు నిమిషాల తర్వాత కూడా దిగుతూనే ఉంటే ఎక్కడో కారుతోంది. ప్రతిసారీ కొత్త బుగ్గ వాడు. వాడినదానికి శిఖరం తక్కువ వస్తుంది.

ఇప్పుడు రెండు బుగ్గలు. ఒకటి 10 సెం.మీ., ఇంకొకటి 20 సెం.మీ. దాకా ఊది, మూతులు మెలితిప్పి, మధ్యలో వాల్వున్న పైపు రెండు కొసలకూ కట్టు. మెలికలు విప్పి వాల్వు తెరువు. చిన్నదాంట్లో పీడనం ఎక్కువ కనుక గాలి పెద్దదాంట్లోకి పోతుంది. చిన్నది పూర్తిగా ఖాళీ కాదు. శిఖరం ఎక్కకముందున్న వైపు, పెద్దదాని పీడనానికి సమానమైన చోట ఆగిపోతుంది. ఆ ఆగిన వ్యాసాన్ని నీ గ్రాఫు మీద గుర్తు పెట్టి చూపించు, బహుమతి అక్కడే ఉంది. ఒక్క జాగ్రత్త: పెద్దదాన్ని చివరి బిగువు దాకా ఊదితే దాని పీడనం మళ్లీ పెరిగి, గాలి ఎదురు దిక్కున పోవచ్చు.

ప్రశ్న: మాది వేడుకల అలంకరణ పని. హీలియం నింపుతుంటే సిలిండర్ చల్లబడుతుంది, గేజీ చూపే పీడనం పడిపోయి పొద్దున చూస్తే కాస్త పెరిగి ఉంటుంది. ఏసీ హాల్లో నింపినవి బయటి ఎండలోకి తెస్తే టపటపా పేలతాయి. ఒక సిలిండర్‌కు ఎన్ని బెలూన్లు లెక్కేసుకోవచ్చు?
– ఒక డెకరేటర్, విజయవాడ

జవాబు: ముందు సిలిండర్ సంగతి. పైన చెప్పిన 1,165 జౌళ్లు ఇక్కడ లెక్కకొస్తాయి. మీరు నింపే ప్రతి బెలూన్ చుట్టూ ఉన్న గాలిని పక్కకు తోసి చోటు చేసుకోవాలి. ఆ పనికి శక్తి సిలిండర్‌లో మిగిలిన గ్యాసు, ఉక్కు ఇస్తాయి. 47 లీటర్ల సిలిండర్‌ను 150 బార్ (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత) నుంచి సగం దాకా గబగబా ఖాళీ చేస్తే, దాదాపు 50 కిలోల ఉక్కుతో సహా 10, 12 డిగ్రీలు చల్లబడుతుంది. చల్లటి గ్యాసు పీడనం తక్కువ చూపిస్తుంది కనుక 70 బార్ ఉన్నచోట గేజీ 67 అనే చెబుతుంది. రాత్రంతా వేడి పుంజుకున్నాక అసలు అంకె కనిపిస్తుంది. కాబట్టి గ్యాసు మిగులు లెక్క పని అయిన వెంటనే కాక మర్నాడు పొద్దున రాసుకోండి.

సిలిండర్ చల్లబడేది రెగ్యులేటర్‌వల్ల కాదు. కార్బన్ డయాక్సైడ్‌లాంటి గ్యాసులు సన్నటి దారిగుండా పీడనం కోల్పోతే చల్లబడతాయి. హీలియం గది ఉష్ణోగ్రత దగ్గర దానికి ఎదురు: 100 బార్ తగ్గితే సుమారు 6 డిగ్రీలు వేడెక్కుతుంది.

లెక్కకు 47 గుణించు 150 అంటే 7,050 లీటర్లు అని కాగితం చెబుతుంది. అంత పీడనం దగ్గర హీలియం ఈ మామూలు గుణకారం చెప్పినదానికన్నా కొంచెం తక్కువ పడుతుంది కనుక 6,600 పెట్టుకోండి. అసలు బెలూన్ కాస్త కోలగా ఉండి 13 లీటర్ల దాకా తాగుతుంది. చేజారేది, చివర మిగిలేది పోను 450 దగ్గర ధర కట్టండి. ఒక్కోటి ఎత్తగలిగే బరువు: 11.5 లీటర్ల హీలియం 30 డిగ్రీల గాలిలో సుమారు 11.5 గ్రాములు మోస్తుంది, రబ్బరు 3 గ్రాములు పోతే 8.5. రిబ్బను, చీటీ అందులోనే సర్దుకోవాలి.

ఇక ఎండ. లోపలి గ్యాసు వ్యాకోచించి పేలిందని అందరూ అంటారు. లెక్క చూడండి: 24 డిగ్రీల హాల్లోంచి 40 డిగ్రీల ఎండలోకి వస్తే ఘనపరిమాణం 5.4 శాతం పెరుగుతుంది, వ్యాసం 28 నుంచి 28.5 సెం.మీ. అవుతుంది. ముదురు రంగు బెలూన్ ఎండకు 60 డిగ్రీలకు చేరినా 29.1. ఆ ఒక్క సెంటీమీటరుకు పేలిందంటే హాల్లోనే దాన్ని అంచుదాకా నింపారన్నమాట. 8 మైక్రాన్ల పొరకు ఇంకా సాగే చోటు లేనప్పుడు గడ్డిపోస తగిలినా చాలు. దానికి తోడు ఎండ, ఓజోను కలిసి లేటెక్స్ పైపొరను పాడుచేస్తాయి. నిగనిగలాడే బెలూన్ గంటలో మసకబారడం దానికి గుర్తు, మసకబారినది బలహీనమైనది.

అందుకని బయట పెట్టేవాటిని 25 సెం.మీ. దగ్గరే ఆపండి. అట్టపెట్టెకు 25 సెం.మీ. రంధ్రం కోసి అందులోంచి ఒక్కోటీ దూర్చి చూస్తే అన్నీ ఒక్క కొలతకు వస్తాయి. పట్టే హీలియం 8.2 లీటర్లకు, మోసే బరువు 5 గ్రాములకు తగ్గుతాయి, గాలిలో నిలిచే సమయం కూడా తగ్గుతుంది. ఆ నష్టం ఒప్పుకోవలసిందే. మూతి దగ్గర బెలూన్ మెడలా సాగి బేరికాయ ఆకారానికి వచ్చిందంటే ఎక్కువైంది, కొంచెం వదిలి ముడెయ్యండి. తెలుపు, లేత రంగులు బయటికి, ముదురువి లోపలికి.

ఫాయిల్ బెలూన్లకు ఈ లెక్క పనికిరాదు. అవి సాగవు. సాగని సంచిలో అదే 16 డిగ్రీల పెరుగుదల పీడనంగా మారి 5 కిలోపాస్కల్‌లకు పైగా అదనంగా అతుకుల మీద పడుతుంది. వాటిని ముడతలు కనిపించేంత వదులుగా నింపి బయటికి తీయండి. సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టి గొలుసుతో కట్టండి. గొంతు మారుతుందని హీలియం పీల్చే పిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఆక్సిజన్ లేని ఊపిరి రెండు మూడుసార్లు పీలిస్తే స్పృహ తప్పుతుంది, సిలిండర్ నుంచి నేరుగా పీలిస్తే ఊపిరితిత్తులు చీలతాయి.

ప్రశ్న: సైకిల్‌కు గాలి కొడితే పంపు కాలిపోతుంది. బెలూన్ పంపుతో వంద బెలూన్లు నింపినా వెచ్చబడదేం?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: సైకిల్ ట్యూబులో గాలి వాతావరణానికి మూడున్నర రెట్లకు పైగా కుదించబడాలి. వేడి ఎటూ పోనివ్వకుండా 3.7 రెట్లకు కుదిస్తే గాలి 130 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. బెలూన్‌లో పీడనం వాతావరణానికి 1.025 రెట్లే. అంత కుదింపుకు పెరిగేది 2 డిగ్రీలు.

ప్రశ్న: నోటితో ఊదిన బూర లోపల ఆవిరి పట్టినట్టుంటుంది, గంటకే కొంచెం తగ్గుతుంది. మా పాప వంటసోడా, వెనిగర్‌తో నింపింది మర్నాటికి పూర్తిగా వాడిపోయింది. ముడి సరిగానే వేశాం.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నోటి గాలి సుమారు 34 డిగ్రీల వెచ్చదనంతో, పట్టగలిగినంత తేమతో లోపలికి పోతుంది. 24 డిగ్రీల గదిలో చల్లారేసరికి తేమ మూడు నాలుగు బొట్ల నీరుగా గోడకు పడుతుంది. వేడీ, ఆవిరీ రెండూ తగ్గడంతో ఘనపరిమాణం ఐదారు శాతం తగ్గుతుంది. అక్కడితో అది ఆగిపోతుంది.

సోడా బెలూన్ కథ వేరు. రబ్బరులో కంటికి కనిపించే రంధ్రాలు లేవు. గ్యాసు రబ్బరులో కరిగి, అవతలి వైపు బయటపడుతుంది. ఫిలడెల్ఫియాలో జె.కె. మిచెల్ 1831లోనే రబ్బరుగుండా గ్యాసులు పోతాయని గమనించాడు, థామస్ గ్రాహం 1866లో ఈ కరిగి దాటే పద్ధతిని వివరించాడు. చిన్న అణువు కనుక హీలియమే అన్నిటికన్నా తొందరగా పోతుందనుకుంటాం. సహజ రబ్బరులో నత్రజనికన్నా హీలియం మూడు నాలుగు రెట్లు వేగంగా పోతే, కార్బన్ డయాక్సైడ్ పదిహేను రెట్ల దాకా వేగంగా పోతుంది. అది రబ్బరులో అంత బాగా కరుగుతుంది. కాబట్టి మీ ముడిలో తప్పు లేదు. 10 గ్రాముల వంటసోడా 3 లీటర్ల గ్యాసు ఇస్తుంది, అదంతా రబ్బరు గుండానే దాటిపోయింది. ఈసారి సోడా, వెనిగర్ కలిసేటప్పుడు సీసాను పాప చేతిలో పెట్టండి. ఆ చర్య వేడిని లోపలికి తీసుకుంటుంది, సీసా చల్లబడడం తెలుస్తుంది.

ప్రశ్న: మా ఊరి జాతరలో ఎగిరే బెలూన్లమ్మే వాళ్లు పాత సిలిండర్‌లో ఏదో పొడి, ముక్కలు వేసి గ్యాసు తయారుచేస్తారు. పిల్లలకు కొనివ్వచ్చా?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వద్దు. అది హైడ్రోజన్. ఆ పాత్ర దగ్గర పిల్లలను నిలబెట్టవద్దు కూడా. లోపల జరిగే చర్య వేడిని పుట్టిస్తుంది, ఆ వేడికి చర్య ఇంకా వేగమవుతుంది, దానికి మళ్లీ వేడి. పరీక్ష లేని పాత ఉక్కు పాత్రలో ఈ చుట్టు ఎక్కడ ఆగుతుందో అమ్మేవాడి చేతిలో ఉండదు. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఏ పాళ్లలో కలిసినా హైడ్రోజన్ మండుతుంది. నైలాన్ బట్టకు రుద్దుకుంటే పుట్టే నిప్పురవ్వే దానికి ఎక్కువ. మన లెక్కలోని బెలూన్ పేలినప్పుడు రబ్బరు విడిచేది 29 జౌళ్లలోపు. అందులో హైడ్రోజన్ ఉండి అంటుకుంటే వెలువడేది సుమారు 1,10,000 జౌళ్లు, పిల్లవాడి ముఖానికి మూరెడు దూరంలో.

ప్రశ్న: వాతావరణ శాఖ వదిలే బెలూన్ అంత ఎత్తుకు పోయేదాకా ఎందుకు పేలదు? పైన అంత చలిలో రబ్బరు గట్టిపడదా?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీ ఊళ్లోనూ, మచిలీపట్నంలోనూ, హైదరాబాద్‌లోనూ ఉదయం 5.30, సాయంత్రం 5.30 పరిశీలనల కోసం వదిలేవి రబ్బరు బెలూన్లే. నేల మీద దాదాపు మీటరున్నర వ్యాసంతో బయలుదేరి, నిమిషానికి సుమారు 300 మీటర్ల చొప్పున ఎక్కుతాయి. 30 కిలోమీటర్ల దగ్గర వాతావరణ పీడనం సుమారు 12 మిల్లీబార్లే. అక్కడి చలిని కలిపి లెక్కేస్తే గ్యాసు 60 రెట్లకు పైగా ఉబ్బుతుంది. ఘనపరిమాణం 60 రెట్లంటే వ్యాసం నాలుగు రెట్లు, అంటే ఆరు మీటర్లు. రబ్బరు తట్టుకోగల సాగుదల అయిపోయేది అక్కడే. సాగడానికి అంత చోటు ఉండాలనే నేల మీద దాన్ని చిన్నగా వదులుతారు.

మీ రెండో అనుమానం సరైనది. మన అక్షాంశాల మీద 16, 17 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత మైనస్ 80 డిగ్రీల దరిదాపులకు పడుతుంది. సహజ రబ్బరు మైనస్ 70 దగ్గరే గాజులా పెళుసవుతుంది, గొలుసుల కదలిక గడ్డకడుతుంది. అందుకే తయారీలోనే మెత్తబరిచే నూనెలు కలిపి ఆ హద్దును కిందికి జరుపుతారు. పగలైతే ఎండ రబ్బరును చుట్టూ ఉన్న గాలికన్నా వెచ్చగా ఉంచుతుంది. రాత్రి ఆ ఆసరా లేదు, అందుకే రాత్రి వదిలేవాటికి ఆ నూనెల పాలు ఎక్కువ పెడతారు.

హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరేవి మాత్రం రబ్బరువి కావు, పలచటి పాలిథీన్‌వి. అవి సాగవు. నేల మీద కొద్ది భాగమే నింపి వదులుతారు. పైకెళ్లేకొద్దీ ముడతలు విప్పుకుంటాయి. పూర్తిగా విచ్చుకున్నాక మిగులు గ్యాసు కింద తెరిచి ఉంచిన గొట్టాలగుండా పోతుంది. అందుకే అవి పేలకుండా ఒకే ఎత్తులో గంటల తరబడి తేలుతూ పరికరాలను మోయగలవు.